ప్రశ్నలగ్నమున వక్రగ్రహము

ప్రశ్నశాస్త్రమున వక్రగ్రహమును గ్రహించు పద్ధతి నేఁటి ప్రసంగమునకు విషయము. ఇది జ్యోతిష్కులకు మాత్రమే పనికివచ్చు విషయమని తోఁపవచ్చును గాని నిజమున కిది మీ కందఱకును సంబంధించినదే. ఎద్దు తప్పిపోయినను, దూరదేశమునకుఁ బోయిన కుమారుఁడు కబురు చేయకున్నను, పెండ్లిమాటలు నడుమ నాగిపోయినను, జనులు పంచాంగము తెలిసినవాని కడకు వత్తురు. వచ్చునపుడు ఊరిపెద్దలనుగూడ వెంటఁ బెట్టుకొని వత్తురు. అచట లగ్నము వేసినవాఁడు "గ్రహము వక్రించినది" అని పెదవి విఱిచినంతనే వచ్చినవారి ముఖములు చిన్నఁబోవును. ఆ యొక్క మాట మీఁదనే సంబంధములు వదలుకొన్నవారును, ప్రయాణములు మానుకొన్నవారును గలరు.

వక్ర మను మాటకుఁ జెడు గని యర్థము గాదు. ప్రశ్నవిషయమున దానికిఁ దిరుగుట యని యర్థము. ఏది తిరుగుచున్నది? ఎటు తిరుగుచున్నది? ఆ తిరుగుట యడిగినవానికిఁ గావలసినదా, కాదా? ఈ మూఁటిని విచారింపక వక్రగ్రహమునుఁ జూచి ఫలము చెప్పరాదు. నేఁడు మీతో మనవి చేయఁదలఁచిన దింతయే. దీనినే మెల్లమెల్లగా విప్పి చెప్పెదను.

మొదట ఆకాశమున జరుగునది యేమో తెలిసికొందము. గ్రహములు సామాన్యముగా నక్షత్రములనడుమ పడమటినుండి తూర్పునకు, అనఁగా మేషమునుండి వృషభమునకు, వృషభమునుండి మిథునమునకు నడచుచుండును. ఒకానొక కాలమున గ్రహము నడక తగ్గి, కొన్నినాళ్లు నిలిచినట్లుండి, పిమ్మట తూర్పునుండి పడమటికి వెనుకకు నడచినట్లు కనఁబడును. దీనినే వక్రమందురు. మరల నిలిచి, మరల ముందునకు సాగును. పంచాంగములయందు వక్రారంభము, వక్రత్యాగము అని గుఱుతుపెట్టు దినము లివియే.

గ్రహము నిజముగా వెనుకకు నడచుట లేదు. కాలువగట్టు మీఁద రెండు బండ్లు ఒకే దిక్కునకుఁ బోవుచున్న వనుకొనుఁడు. దూరముగాఁ దాటితోపు కలదు. మీరెక్కిన బండి వడిగలది, ప్రక్కబండి మందముగా నడచునది. మీబండి దానిని దాఁటునపుడు తాటిచెట్ల కెదురుగాఁ జూచినచో ఆ ప్రక్కబండి వెనుకకుఁ బోవుచున్నట్లు తోఁచును. దానియెడ్లు ముందునకే నడచుచున్నవి. చూచువాఁడు కదలుచుండుటచేతఁ గలిగిన తోఁపిడి యది. భూమియును అట్టి బండియే. భూమి కుజ గురు శనులను దాఁటునపుడు వారు వక్రించినట్లు కనఁబడుదురు. బుధ శుక్రులు భూమికంటె వడిగలవారు. వారు సూర్యునకును మనకును నడుమగా వచ్చి మనలను దాఁటునపుడు వక్రింతురు. సూర్యుని నడుమ నుంచి 1543వ సంవత్సరమున కోపర్నికసు అను పండితుఁడు ప్రకటించిన గ్రంథమున నీ కారణము స్పష్టముగాఁ జెప్పఁబడినది.

రవిచంద్రులకు వక్రము లేదు. రాహుకేతువులకు సదా వక్రమే. ఏలయన వారు బింబములు గారు, చంద్రుని మార్గము సూర్యుని మార్గమును ఖండించు బిందువులు మాత్రమే. ఆ బిందువులు సుమారు 18 సంవత్సరముల 7 నెలల కొకసారి రాశిచక్రమును వెనుకకుఁ జుట్టివచ్చును. కావున రాహువు వక్రించినాఁడని ప్రత్యేకముగా భయపెట్టువాఁడు పంచాంగము చూడనివాఁడని యెఱుంగుఁడు.

ఇఁక మిగిలిన యైదు గ్రహముల లెక్క వినుఁడు. బుధుఁడు సగటున 116 దినముల కొకసారి వక్రించి మూఁడు వారములు వక్రమున నుండును. శుక్రుఁడు 584 దినముల కొకసారి, సుమారు 42 దినములు. కుజుఁడు 780 దినముల కొకసారి, రెండునెలలు మొదలు రెండున్నర నెలలకుఁ బైగా. గురుఁడు 399 దినముల కొకసారి, నాలుగునెలలు. శని 378 దినముల కొకసారి, నాలుగున్నర నెలలు. ఈ యంకెలయం దొక నీతి కలదు. శని తన కాలమున మూఁడవవంతుకుఁ బైగా వక్రముననే యుండును. గురుఁడు పదింట మూఁడువంతులు. వక్రమనఁగాఁ గార్యహాని యే యయినచో, శని కధిపత్యముగల కార్యములలో మూఁడవవంతు లోకమంతటను జెడిపోవలసియుండును. అట్లు జరుగుటలేదని మన కందఱకును దెలియును. శుక్రుఁడో, పదునాలుగింట నొకవంతు కాలమే వక్రమున నుండును. కావున శుక్రవక్రము, కుజవక్రము అరుదు; ప్రశ్నలోఁ గనఁబడినప్పుడు వానిని మఱికొంత శ్రద్ధతోఁ జూడవలెను. శనివక్రమును, గురువక్రమును గొప్ప వింతగాఁ జెప్పఁబనిలేదు.

మన పూర్వులు ఈ గతిని మిక్కిలి సూక్ష్మముగా గణించిరి. సూర్యసిద్ధాంతమున గ్రహగతులు ఎనిమిది విధములుగాఁ జెప్పఁబడినవి. అందైదు ఋజుగతులు, మూఁడు వక్రగతులు. ఏ గ్రహమునకు శీఘ్రకేంద్రము ఎన్ని భాగలకు వచ్చినప్పుడు వక్ర మారంభించునో కూడ అందుఁ గలదు. కుజునకు 164, బుధునకు 144, గురునకు 130, శుక్రునకు 163, శనికి 115 భాగలు. ఈ సంఖ్యను 360 లోనుండి తీసివేయఁగా వచ్చిన భాగయందు వక్రత్యాగము. శనికి 115 మొదలు 245 వఱకు 130 భాగలు. ఆ కేంద్రము దినమునకు సుమారు 57 కలలు నడచును గాన లెక్కవేయఁగా 136 దినములు వచ్చును. 2025వ సంవత్సరమున శని జులై 13వ తేదిని వక్రించి నవంబరు 28వ తేదిని వక్రత్యాగము చేసెను. అది 138 దినములు. భూమిని నడుమ నుంచుకొని, దూరదర్శనియంత్రము లేనికాలమునఁ గట్టిన లెక్క యింత దగ్గఱకు వచ్చుట మనము గర్వింపఁదగినదే.

వక్రకాలమునందలి మఱియొక విశేషమును గమనింపవలెను. కుజ గురు శనులు వక్రము నడుమ నున్నపుడు భూమికి మిక్కిలి సమీపమున నుందురు. సూర్యున కెదురుగా నుండుటచేత సాయంకాలమునఁ దూర్పున నుదయించి రాత్రియెల్లఁ గాంతితో వెలుఁగుదురు. శుక్రబుధులకును వక్రమునందే బింబము పెద్దది. అందుచేతనే సూర్యసిద్ధాంతకారుఁడు అస్తమయోదయములఁ జెప్పుచోట, వక్రించిన శుక్రుఁడు సూర్యునకు 8 భాగల దగ్గఱకు వచ్చువఱకుఁ గనఁబడుననియు, ఋజుగతియం దయినచో 10 భాగలకే మఱుఁగుపడుననియు, బుధునకు వరుసగా 12, 14 భాగలనియు నిర్ణయించెను. వక్రగ్రహము దగ్గఱగా నుండును, పెద్దదిగాఁ గనఁబడును. దీని నెఱిఁగినచో, జాతకశాస్త్రము వక్రగ్రహమును బలవంతునిగా నేల చెప్పెనో తేటపడును.

వరాహమిహిరుఁడు బృహజ్జాతకమున, ఉత్తరాయణమందు రవిచంద్రులకును, వక్రమందు తక్కిన గ్రహములకును జేష్టాబలము గలదనెను. కల్యాణవర్మ సారావళియందు వక్రించిన శుభగ్రహములు మహాబలముతో రాజ్యము నిచ్చుననియు, పాపగ్రహములు వక్రించినచో వ్యసనములను, వ్యర్థసంచారమును గలిగించుననియు జెప్పెను. ఉత్తరకాలామృతమున నింకొక సూక్ష్మము కలదు. నీచయందుండి వక్రించినవాఁ డుచ్చఫలము నిచ్చును. ఉచ్చయందుండి వక్రించినవాఁడు నీచఫలము నిచ్చును. ఇందునకు దృష్టాంతములు ఇటీవలనే యాకాశమునఁ గనఁబడినవి. 2024 డిసెంబరు 7వ తేదిని కుజుఁడు తన నీచరాశియగు కర్కాటకమున వక్రించి, 2025 జనవరిలో మిథునమునకు వెనుకకు వచ్చి, ఫిబ్రవరి 24వ తేదిని వక్రత్యాగము చేసెను. ఆ వెంటనే మార్చి 2వ తేదిని శుక్రుఁడు తన యుచ్చరాశియగు మీనమున వక్రించి, ఏప్రిలు 13 వఱకు అచ్చటనే యుండెను. కొన్ని నెలలలోపలనే నీచవక్రమును, ఉచ్చవక్రమును మనకుఁ గనఁబడినవి.

ఇంతవఱకు జాతకమార్గము. జాతకము మనుష్యుని జీవితమంతటిని గూర్చినది. అందు గ్రహమునకు బల మెంత యనునదే ప్రధానము. ప్రశ్న యట్టిదిగాదు. ప్రశ్న ఒక్క కార్యమును గూర్చినది. ఆ కార్యము దగ్గఱకు వచ్చుచున్నదా, దూరముగాఁ బోవుచున్నదా యనునదే యిచట ప్రధానము. అందుచేత జాతకమున బలమును సూచించు వక్రము, ప్రశ్నమున దిక్కును సూచించును. ఈ భేదము తెలియక జాతకమున వ్రాసిన వాక్యములను దెచ్చి ప్రశ్నమునకుఁ దగిలించువారు కొందఱు. ప్రశ్నలోని వాక్యములను బట్టుకొని, వక్రగ్రహముగల జాతకులందఱు నభాగ్యులని చెప్పువారు మఱికొందఱు. ఇరువురును ఒకవాకిటి తాళపుచెవితో మఱియొకవాకిలి తెఱవఁజూచువారే.

ప్రశ్నవిద్యకు మనదేశమునఁ బ్రత్యేకగ్రంథములు గలవు. వరాహమిహిరుని కుమారుఁడగు పృథుయశుఁడు 56 శ్లోకములతో షట్పంచాశిక వ్రాసెను. మలయాళదేశమున 1649వ సంవత్సరమున ప్రశ్నమార్గము వెలసెను. 1587వ సంవత్సరమున నీలకంఠుఁడు తాజికనీలకంఠిని రచించెను. ఈ తాజికపద్ధతిలోని పారిభాషికపదములు అరబ్బీనుండి మన సంస్కృతములోనికి వచ్చినవి. ఇత్థశాలము, ఈసరాఫము, రద్ద యనునవి యట్టివి. విద్య యెచటిదైనను గ్రహింపఁదగినదని మన పండితులు వానిని బరిగ్రహించిరి.

ఇత్థశాలమనఁగా నేమి? అడిగినవానిని లగ్నాధిపతి సూచించును. అడిగిన కార్యమును ఆ కార్యభావాధిపతి, అనఁగాఁ గార్యేశుఁడు, సూచించును. ఈ యిద్దఱిలో వడిగలవాఁడు తక్కువ భాగలయందును, మందుఁడు ఎక్కువ భాగలయందును ఉండి, పరస్పరదృష్టి గలిగి, దీప్తాంశలలోపల నున్నచో, వడిగలవాఁడు మందుని చేరఁబోవుచున్నాఁడు. అది యిత్థశాలము, కార్యసిద్ధి. రవికి 15, చంద్రునకు 12, గురునకును శనికిని 9, కుజునకు 8, బుధశుక్రులకు 7 భాగలు దీప్తాంశలు. వడిగలవాఁడు మందుని దాఁటిపోయినచో ఈసరాఫము. కార్యము చేయి దాఁటినదని చెప్పుదురు. ఇత్థశాల మున్నను, చేరువారిలో నొకఁడు వక్రించినను, అస్తమించినను, నీచ శత్రుక్షేత్రములం దున్నను ఆ యోగము రద్ద యగును. అరబ్బీలో రద్ద నఁగాఁ ద్రిప్పిపంపుట. మన కచేరీలలో దావా రద్దయిన దనుమాట మీకుఁ దెలిసినదే.

ఇందలి కారణము సులభము. దోసెఁడు నీళ్లు పట్టుటకుఁ జేయి చాఁచినవాఁడు, నీళ్లు పోయుసమయమునఁ జేయి వెనుకకుఁ దీసికొన్నట్లు, చేరఁబోవువాఁడే వెనుదిరిగినచో నెట్లు చేరును? అయినను ఒకమాట గమనింపుఁడు. వెనుదిరిగినవాఁడు మరల ముందునకుఁ దిరుగును. వక్రత్యాగ మనునది పంచాంగమున వ్రాసియే యున్నది. కావున వక్రమువలనఁ గలిగిన రద్దును శాశ్వతమని చెప్పుట తగదు. ఆ గ్రహము వక్రమును విడిచి మరల కార్యేశునిఁ జేరునేమో గణించి చూడవలెను. అట్లే ఈసరాఫమునందు ముందునకు దాఁటిపోయిన గ్రహము వక్రించి వెనుకకు వచ్చుచున్నచో, విడిచిపోయిన మాట తనంతఁ దానే తిరిగివచ్చునని గ్రహింపవలెను. అచట వక్రమే మేలు చేయునది.

వక్రగ్రహము కనఁబడినప్పుడు నేను నాలుగు విషయములు విచారింతును. మీరును జ్యోతిష్కు నడిగి తెలిసికొనవచ్చును.

మొదటిది: వక్రించినవాఁడు ఈ ప్రశ్నయం దెవరు? లగ్నాధిపతియా, కార్యేశుఁడా, కారకుఁడా? ఈ మువ్వురిలో నెవఁడును గాని గ్రహము వక్రించినచో దానిని పట్టించుకొనఁ బనిలేదు. లగ్నాధిపతి వక్రించినచో వెనుకాడుచున్నది అడిగినవాఁడే. కార్యేశుఁడు వక్రించినచో వెనుకాడుచున్నది ఎదుటివారు, లేక వెనుకకు మళ్లుచున్నది కార్యము. ఈ రెంటికిని భూమ్యాకాశముల యంతరము గలదు.

రెండవది: తిరుగుట కోరఁదగినదా? తప్పిపోయిన ఎద్దును గూర్చి, అప్పిచ్చిన ధనమును గూర్చి, దూరదేశమునకుఁ బోయినవానిని గూర్చి యడిగినపుడు తిరిగివచ్చుటే కావలసినది. అట్టిచోట వక్రము శుభమును సూచించును. క్రొత్తగాఁ బ్రయాణము కట్టుకొన్నవాఁ డడిగినపుడు, సగము త్రోవనుండి మరలుటను సూచించును. రోగము తగ్గినది, ఇఁక భయము లేదుగదా యని యడిగినపుడు, తిరుగఁబెట్టునేమో జాగ్రత్త యని సూచించును. విక్రయించిన భూమిని గూర్చి యడిగినపుడు, కొన్నవాఁడు బేరము తిరుగఁదోడునేమో యని సూచించును. గ్రహ మొక్కటియే, గతి యొక్కటియే. ప్రశ్ననుబట్టి ఫలము మాఱును.

మూఁడవది: గ్రహము వక్రమున నేచోట నున్నది? ఇప్పుడే వక్రింపఁబోవుచున్నదా, వక్రము నడుమనా, వక్రత్యాగమునకు దగ్గఱనా? వక్రింపఁబోవు గ్రహముతో నిత్థశాల మున్నను, చేరకమునుపే వెనుదిరుగునేమో చూడవలెను. వక్రత్యాగమునకు దగ్గఱగా స్తంభించియున్నది మనస్సు మార్చుకొనుచున్నవానివంటిది, వానిని తొందరపెట్టరాదు. ఇచట నొక హెచ్చరిక. పూర్వసిద్ధాంతపు పంచాంగమునకును, దృక్సిద్ధాంతపు పంచాంగమునకును వక్రారంభదినములలో భేదము వచ్చుచుండును. ఈ సంధిదినములయందు ఒక్క పంచాంగమును నమ్మి గట్టిమాట చెప్పరాదు.

నాలుగవది: వక్రగ్రహమునకు బల మెట్టిది? శుభుఁడా, పాపుఁడా? స్వక్షేత్రమా, పరక్షేత్రమా? తిరిగివచ్చునది బాగుగా వచ్చునా, చెడి వచ్చునా యనునది దీనివలనఁ దెలియును. జాతకశాస్త్రమునందలి బలవిచారమునకు ప్రశ్నమునఁ జోటు ఇచటనే. దీనిని మొదటఁ గాక చివరఁ జూడవలెను.

ఈ నాలుగింటిని ఒక లగ్నమున నిలిపి చూపెదను. 2025 మార్చి 20వ తేది గురువారమునాఁడు, ప్రొద్దు క్రుంకిన పిమ్మట ఇంచుమించు ఏడుగంటలకు, మా ప్రక్కయూరి కాపొకఁడు తమ యూరిపెద్దతోఁ గూడ నాయొద్దకు వచ్చెను. "పంతులుగారూ! మా యమ్మాయికి వచ్చిన సంబంధము కుదిరినట్లే యుండినది. పదిదినములనుండి అటువారు తాంబూలముల దినము తేల్చుటలేదు. శుక్రుఁడు వక్రించినాఁడు గాన ఇది చెడినట్లే, వేఱు సంబంధము చూచుకొమ్మని ఒక జ్యోతిష్కుఁడు చెప్పినాఁడు. తాము చూడవలెను" అనెను.

నాఁడు ఆవేళకు లగ్నము కన్య. రవి మీనమున నున్నాఁడు గాన సూర్యాస్తమయమునకు ఏడవరాశి తూర్పున నుదయించుచుండును. కన్యకధిపతి బుధుఁడు. అతఁడు సప్తమమగు మీనమున సుమారు 14 భాగలలో నుండి, మార్చి 15వ తేదినుండి వక్రించుచు, రవికి 9 భాగలలోపల నుండెను. మీనము బుధునకు నీచ. సప్తమాధిపతి గురుఁడు నవమమగు వృషభమున 20వ భాగ దాఁటి ఋజుగతితో నుండెను. వివాహకారకుఁడగు శుక్రుఁడు మీనముననే వక్రించి యుండెను.

ఆ జ్యోతిష్కుఁడు శుక్రునిఁ జూచెను గాని లగ్నాధిపతినిఁ జూడలేదు. బుధుఁడు 14, గురుఁడు 20, వడిగలవాఁడు వెనుక, మందుఁడు ముందు, అంతరము ఏడుభాగలలోపల, మీనమునుండి వృషభము మూఁడవది గాన తాజికమున గుప్తస్నేహదృష్టి. ఋజుగతి యైనచో ఇది చక్కని యిత్థశాలము. బుధుఁడు వక్రించుటచేత రద్దయినది. అయితే వెనుదిరిగినవాఁడెవఁడు? లగ్నాధిపతి. అటువారిని సూచించు గురుఁడు తిన్నగనే నడచుచున్నాఁడు. కావున నేను కాపుతో నిట్లంటిని. "అయ్యా! వెనుకాడుచున్నది వారుగారు. మీయింట నెవరో వెనుకాడుచున్నారు. ఎవరో కనుగొనుఁడు."

అతఁడు కొంతసేపు మాటాడలేదు. ఊరిపెద్దయే "అమ్మాయి నడిగితివటోయి?" అనెను. అమ్మాయి డిగ్రీ కడపటి పరీక్షలకుఁ జదువుచున్నది. చదువు ముగియకుండఁ బెండ్లి వలదని తల్లితోఁ జెప్పినదఁట. తల్లి ఆ మాటను అటువారి యాఁడువారి చెవిని వేసినదఁట. తండ్రికి మాత్రము ఎవరును జెప్పలేదు. అటువారు దినము తేల్చకుండుటకు అదియే కారణము. బుధుఁడు ఏప్రిలు 7వ తేదిని వక్రత్యాగము చేసి, మీనమున మరల ముందునకు నడచి, మే మొదటివారమున గురునితోఁ గలియవలసియున్నాఁడు. "అంతవఱకు సంబంధము చెడెనని యెవరికిని జెప్పవలదు. పరీక్షలు కానిండు. అమ్మాయి యిష్టమును ముందు తెలిసికొనుఁడు. ఆమె కిష్టము లేనిచో ఏ గ్రహము ఋజువైనను ప్రయోజనము లేదు" అని చెప్పి పంపితిని.

తరువాత జరిగిన సంగతిని శాస్త్రమునకు సాక్ష్యముగా నేను జెప్పను. ఒక్క దృష్టాంతముతో శాస్త్రము నిలువదు, పడిపోదు. ఖగోళశాస్త్రజ్ఞులు గ్రహగతులను మాత్రమే యంగీకరింతురు గాని ఫలభాగము నంగీకరింపరు. ఆ సంగతియు మీకుఁ దెలిసియుండవలెను. నేను చూపఁదలఁచినది వేఱు. శుక్రవక్ర మను ఒక్కమాటతో ఆ తండ్రి లేచిపోయియున్నచో, మంచివారగు అటువారిని నిందించియుండును. కూఁతు నడుగవలసిన మాట యెన్నఁడు నడిగియుండఁడు. అదే వక్రమును సరిగా విచారించుటచేత, ఎవరి నడుగవలెనో వానికిఁ దెలిసినది. ప్రశ్నశాస్త్రమువలనఁ గలుగఁదగిన మేలు నా దృష్టిలో నింతయే, ఇది చాలును గూడ.

కడపట, పెద్దలగు మీకు కొన్ని మాటలు మనవి చేయవలసియున్నది. రోగమును గూర్చి ప్రశ్న యడుగ వచ్చినవారిని మొదట ఆస్పత్రికిఁ బంపుఁడు. ప్రశ్న పిమ్మటఁ జూచుకొనవచ్చును. షష్ఠాధిపతి వక్రించినాఁడు గాన రోగము తనంతఁ దానే మరలిపోవునని చెప్పి, మందు మాన్పించినవారిని నే నెఱుఁగుదును. జ్వరము పంచాంగము చూచి పెరుగదు, తగ్గదు. బిడ్డ తప్పిపోయెనని వచ్చినవారిని ముందుగా పోలీసు ఠాణాకుఁ దీసికొనిపొండు. వక్రగ్రహమునుఁ జూచి, తిరిగివచ్చును లెమ్మని యింట కూర్చుండఁబెట్టుట మహాపాపము. కోర్టు గడువులను, పంటకు నీరుపెట్టు వేళలను గ్రహముకొఱకు దాఁటనీయకుఁడు.

ఇఁక జ్యోతిష్కుఁడు మీయెదుట "గ్రహము వక్రించినది" అనినపుడు భయపడి తల వంచక, నాలుగు ప్రశ్నలు మర్యాదగా నడుగుఁడు. వక్రించినవాఁడు మాకెవఁ డగును? తిరుగుట మాకుఁ గావలసినదా? వక్రత్యాగ మెప్పుడు? వానిబల మెట్టిది? శాస్త్రము తెలిసినవాఁడు సంతోషముతో బదులు చెప్పును. తెలియనివాఁడు కోపపడును. ఎవఁ డెట్టివాఁడో అంతటితో మీకే తెలియును.

మఱియు, వీలయినపుడు గ్రహమును పుస్తకమునఁ గాక యాకాశమునఁ జూడుఁడు. 2025 నవంబరు 11వ తేదిని గురుఁడు కర్కాటకారంభమున వక్రించి, డిసెంబరు మొదటి దినములలో మిథునమునకు మరలెను. ఆ వక్రము 2026 మార్చి 11 వఱకును బునర్వసు నక్షత్రము దాఁటకుండనే నడచినది. ఇట్టి వక్రకాలమున వారమున కొకరాత్రి పెరటిలో నిలువఁబడి, గ్రహమునకును ప్రక్కనున్న నక్షత్రమునకును నడుమఁగల యెడమును వ్రేళ్లతోఁ గొలిచి వ్రాసికొనుఁడు. మనుమలను గూడఁ బిలిచి చూపుఁడు. వక్రమనఁగా నేమో మీ కన్నులకే తెలిసినపిమ్మట ఆ మాట చెప్పి మిమ్ము భయపెట్టుట యెవరికిని సాధ్యము గాదు.

సెలవు.